పాలసముద్రం కాడ గస్తీ

రాండి, దగ్గరికి జరుగుండ్రి. పాపా, పొగ నీ తావకే మళ్ళుతాంది, ఇట్లొచ్చి కూర్చో. రేయ్, ఆ కందికట్టె రెండు పుల్లలు మంటలోకెయ్యి. మీ జేజి లోపలినుంచి వింటానే ఉంటాది, వందసార్లు చెప్పిన కథే మల్ల మొదలుపెట్టినాడు అంటాది. అననీ. వందసార్లు ఆమెకు చెప్పింటి, మీకు చెప్పలేదు గదా.

పొద్దున నువ్వు ఫోన్‌లో ఒక బొమ్మ చూపిస్తివే. కొండ మీదినుంచి పాలు పారబోసినట్ల నీళ్ళు, నడిమిట్ల వంతెన, వంతెన మీద రైలు. "యాడుందో తెలుసా తాతా" అంటివి. తెలుసు నాయనా. ఆ వంతెన మీద లాంతరు పట్టుకోని ఐదు వానాకాలాలు నడిచినోణ్ణి నేను. దూధ్‌సాగర్ అంటారు. పాలసముద్రం అని అర్థం. 310 మీటర్ల ఎత్తు, నాలుగు అంతస్తులుగా దూకుతాది. నీళ్ళు దూకేది గోవాలో, కొండెక్కితే కర్ణాటక.

1972లో రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేరితి. మరుసటేడు కాజిల్‌రాక్ కాడికి వేసిరి. గుంతకల్లునుంచి బళ్ళారి, హొస్పేట, హుబ్లీ, లోండా దాటి పోతే, కొండ అంచున ఒక చిన్న స్టేషను. ఆడినుంచి కులెం దాకా 26 కిలోమీటర్లు దిగుడే దిగుడు. ఆ దిగుడునే ఘాటు అంటిమి. 37 అడుగులకు ఒక అడుగు దిగుతాది. రైలుకు అదేమీ తక్కువ గాదు. ఎక్కే బండికి ముందర ఇంజను సాలదు, వెనకనుంచి ఇంకో ఇంజను తొయ్యల్ల. బ్యాంకరు అంటిమి దాన్ని. ఈ లైను ఇంగ్లీషోళ్ళు, పోర్చుగీసోళ్ళు 1878లో ఒప్పందం రాసుకోని వేసింది. గోవా 1961 డిసెంబరులో మనలో కలిసేదాకా కాజిల్‌రాకే సరిహద్దు. ఆడ సుంకపోళ్ళు ప్రయాణికుల పెట్టెలు విప్పించి చూస్తాండిరంట. నేను పోయేసరికి ఆ ఆఫీసులు ఖాళీ. ముసలి గ్యాంగ్‌మన్లు మాత్రం, ఎవురు ఏం దాచుకోని దొరికిపోయిరో కథలు కథలుగా చెప్తాండిరి.

ఇంగ వాన. మనకు ఏడాదంతా కలిపి ఐదొందల చిల్లర మిల్లీమీటర్లు పడితే అదే పండగ. ఆడ ఒక్క జూలైలోనే దానికి రెండింతలు పైన పడతాది. మొదటి వారం నేను వాకిట్లో నిలబడి చూస్తానే ఉంటి. మా ఊర్లో ఈ వాన సగం పడితే సెరువు నిండు గదా అని లెక్కలేసుకుంటి. రెండో వారానికి గుడ్డలు ఆరక, బియ్యం బూజుపట్టి, అగ్గిపుల్ల వెలగక, ఆ లెక్కలన్నీ మర్సిపోతి.

వానాకాలంలో మా పని రాత్రి గస్తీ. కొండసరియలు విరిగి పట్టాల మీద పడతాయి, మట్టి కొట్టకపోతాది, చెట్లు కూలతాయి. ఒక్కోనికి లైనులో ఒక్కో తునక. చేతిలో మూడు రంగుల కిరసనాయిలు లాంతరు, సంకలో జెండాలు, నడుముకు పటాకీల డబ్బీ, మెడలో ఈల, రేకు గొట్టంలో గస్తీ పుస్తకం. పటాకీ అంటే దీపావళిది గాదు, పట్టా మీద కట్టేది. ఇంజను చక్రం ఎక్కితే ఢాం అంటాది, డ్రైవరు బ్రేకు కొడతాడు. వీపున గొరబు. తాటాకుతో, వెదుర్తో అల్లిన తాబేటిచిప్ప మాదిరి ఉంటాది, ఆ సీమలో నాట్లేసే ఆడోళ్ళు వేసుకుంటారు. గొడుగు ఆ గాలికి నిలబడదు.

నా తునక చివర్న అవతలి తునక గస్తీవాడు వస్తాండె. ఇద్దరం పుస్తకాలు మార్చుకోని మల్ల వెనక్కి. ఆయనది ధార్వాడ పక్క ఊరు, నాకంటే పదేండ్లు పెద్ద. నన్ను "బయలుసీమోడా" అని పిలుస్తాండె. ఎండిన మైదానపోడని ఎగతాళి. మేము కలిసే తావు ఆ జలపాతం వంతెనకు అవతల. ఒక బీడీ కాలేంత సేపు నిలబడతాంటిమి. మాటలు నోటితో గాదు, చేతుల్తోనే. నోటితో చెప్తే ఏముంది, వినపడితే గదా. ఆ నీళ్ళ చప్పుడు మామూలు చప్పుడు గాదు నాయనా. చెవిలో పడేది గాదు, పక్కటెముకల్లో పడేది.

నేను ఆ జలపాతాన్ని సరిగా చూసింది లేదు. నవ్వొద్దు. రాత్రి చీకటి, పగలు మబ్బు. లాంతరు వెలుతురు నాలుగు స్లీపర్ల దూరం పడితే ఎక్కువ. పక్కన తెల్లగా ఏదో కదిలేది, మొగం మీద తుంపర కొట్టేది, అంతే. వానలు తగ్గి అది బాగా కనపడే కాలానికి మమ్మల్ని ఇంకో తావ పనికి పంపుతాండిరి. రైలు పోయేది దాని నడుం మీద. పైనుంచి పడేది తలెత్తితే కనపడతాది, కింద యాడ పడతాదో వంగి చూసినా తెలీదు. "వానలు పోయినాక ఒకనాడు కిందికి దిగి చూస్తామురా బయలుసీమోడా" అని ఆయన ప్రతి ఏడూ అంటాండె. ప్రతి ఏడూ నేను తలూపుతాంటి. లోపల నాకు భయం. ఈత రాదు గదా, మన సీమలో యాడ నేర్చుకుంటాం.

ఆ, మీకు దున్న కథ చెప్పల్ల. 74లో అనుకుంటా, ఆగస్టు నెల. తెల్లారుజామున మలుపు తిరుగుతానే పట్టాల నడుమ పెద్ద నల్ల బండ! గుండె గొంతులోకొచ్చె. కిందినుంచి కులెం గూడ్సు వచ్చే టైము. హొస్పేట దిక్కునుంచి ఇనుపఖనిజం మార్ముగోవా రేవుకు దించి ఖాళీగా ఎక్కే బండి. పరిగెత్తితి. మీటరుగేజికి లెక్క ఏమంటే, నాలుగొందల మీటర్ల కాడ ఒక పటాకీ, ఎనిమిదొందల మీటర్ల కాడ పదేసి మీటర్లకు ఒకటి లెక్కన మూడు. వానలో వేళ్ళు వంకరబొయ్యి, పటాకీ సీసపు తోకలు పట్టాకు చుట్టేకి రావు. ఎట్లనో చుట్టి, ఎర్రలాంతరు ఊపుతా నిలబడితి. ఢాం, ఢాం, ఢాం. బండి నిలబడె. డ్రైవరు దిగె. ఇద్దరం నడిచిపోతిమి. పదడుగుల దూరంలో ఉన్నెప్పుడు ఆ బండ బుస్సుమని, లేసి నిలబడి, ఒళ్ళు దులుపుకోని అడవిలోకి పాయ.

అడవిదున్న! వీపు మాకు తిప్పి పండుకోనుండె, కండ్లు కనపడలేదు. అంత ఎక్కుడులో నిలబడిన గూడ్సును మల్ల కదిలించేకి వాళ్ళు ఎంత కష్టపడిరో, నన్నెన్ని తిట్లు తిట్టిరో ఆ కన్నడ తిట్లు మీకు చెప్పకూడదు. మా గ్యాంగుకు పెద్ద, మేటు మాత్రం ఒక్కమాట అనలేదు. "ఆపింది తప్పుగాదు, ఆపకపోయింటే తప్పు" అనె. కానీ ఆ పొద్దునుంచి నాకు "కోణ" అని పేరు పడిపాయ. కన్నడంలో దున్నపోతు అని.

1977 అక్టోబరులో గుంతకల్లు డివిజన్‌ను దక్షిణ రైల్వేనుంచి తీసి దక్షిణ మధ్య రైల్వేలో కలిపిరి. హుబ్లీ, గుంతకల్లు ఒకే రైల్వే ఐపాయ, బదిలీ సులువాయ. ఊరికొస్తి, మీ జేజిని చేసుకుంటి. 2010లో రిటైరయ్యేదాకా ఇంగ ఆ ఘాటు మొగం చూడలేదు. ధార్వాడ ఆయనకు రెండు జాబులు రాస్తి. ఒకదానికి జవాబు వచ్చె. అందులో కూడా అదే మాట, కిందికి ఎప్పుడు దిగుదామని.

ఈ మధ్యలో ఆడ శానా మారె. తొంభైల్లో మీటరుగేజి తీసి పెద్దలైను వేసిరి. 2013లో "చెన్నై ఎక్స్‌ప్రెస్" సినిమాలో రైలు ఆ వంతెన మీద నిలబడె. ఆ సినిమా మన టీవీలో వస్తాంటే నేను లేసి నిలబడి, "ఆడ! ఆడే నేను బీడీ తాగింది!" అని అరిస్తి. మీ అక్క అప్పుడింకా చదువుకునే పిల్ల. అది పట్టుకున్నె. బెంగళూరులో ఉద్యోగంలో చేరినాక, 2018లో ఫోన్ చేసి, "తాతా, అక్టోబరులో పోదాం, కింది దాకా" అనె. నాకు అప్పటికి 68.

మీ జేజి ఊరంతా వినేట్ల అనె: "ఈ వయసులో నీళ్ళు జూసేకి అంత దూరం పోవల్లనా? మన బోరు లేదా?" నేనంటి, బోరులో నీళ్ళుంటే గదా. మోకాళ్ళ డాక్టరు కూడా వద్దనె. గ్యాంగ్‌మన్ మోకాలు ఎట్లుంటాదో మీకు తెల్దు. స్లీపరు నుంచి స్లీపరుకు అడుగేసి అడుగేసి, అడుగంటే ఒకే కొలత అని కాలికి అలవాటైపోతాది. రోడ్డు మీద నడిస్తే కూడా పొట్టి అడుగే. మూడు నెలలు పొద్దున్నే కసాపురం హనుమంతుని గుడిదాకా పోయొస్తి. అడుగు సాగదీసేది నేర్చుకుంటి, దానికే నెల పట్టె.

అమరావతి ఎక్స్‌ప్రెస్ గుంతకల్లు మీదనే పోతాది. ఉగ్గాని బజ్జీ పొట్లం కట్టించుకోని ఎక్కితిమి. పగటిపూటే ఘాటు దిగె బండి. కాజిల్‌రాక్ దాటినాక నేను కిటికీ వదల్లేదు. కారంజోల్, దూధ్‌సాగర్, సోనాలిం... స్టేషన్ల పేర్లు నేను ముందే చెప్తాంటే, పక్కన కూర్చున్న గోవా ఆయన, ఈ ముసలాయన ఎవురబ్బా అన్నట్ల చూసె. వంతెన మీద తుంపర లోపలికి కొట్టె. నేను లాంతరు పెట్టే రాయి కోసం చూస్తి. పెద్దలైనుకు అంతా తవ్వేసినారు, రాయి లేదు.

రాత్రి కులెంలో పండుకోని తెల్లారకముందే బయల్దేరితిమి. కులెంనుంచి జలపాతం అడుక్కు పది పన్నెండు కిలోమీటర్లు. మహావీర్ అభయారణ్యంలో దారి. వానలు నిలిచి వాగులు దిగినాక జీపులు పోతాయి. మేము పోయినప్పుడు ఇంకా మొదలు కాలేదు. అడవిశాఖ గేటు కాడ టికెట్లు తీసుకోని, ఆ ఊరి పిల్లోణ్ణి ఒకణ్ణి దారి చూపేకి పిలుచుకుంటిమి. వాడు నన్ను చూసి మీ అక్కతో కొంకణిలో ఏదో అనె. మీ అక్క నాకు తెలుగు చేసి చెప్పలేదు. తెలిసే ఉంటాది.

ఆ అడవి మన అడవి మాదిరి కాదు. మన నల్లమలలో ఎండాకాలం ఆకు రాలి వెలుతురు వస్తాది గదా, ఆడ అది లేదు. పట్టపగలు కూడా పచ్చని చీకటి. మాను మొదట్లో వేర్లు గోడల్లాగా లేసి ఉంటాయి, మనిషి దాక్కోవచ్చు. రాయికి పాచి, చెట్టుకు పాచి, కింద పడిన కొమ్మకు పాచి. చెయ్యి పెట్టిన తావల్లా జారిపోతాది. చెట్టునుంచి చెట్టుకు ఏదో ఎర్రగా దూకె. ఉడుత. మన ఉడుత గాదు, పిల్లి అంత ఉండాది, తోక దానికంటే పొడుగు. మీ అక్క ఫోను తీసేలోగా పాయ.

ఇంగ జలగలు. మన సెరువుల్లో ఉండే లావు జలగలు గాదు, దారప్పోగు మాదిరి నేల జలగలు. ఆకు కొసన నిలబడి తల ఊపుతాంటాయి, మనిషి వేడి తగిలితే ఎగబాకుతాయి. కరిస్తే నొప్పి ఉండదు, రక్తం మాత్రం కట్టదు. దాని ఉమ్మిలోనే రక్తం గడ్డకట్టనియ్యని మందుంటాదంట. మీ అక్క బెంగళూరునుంచి ఏదో స్ప్రే తెచ్చె. నేను పాతకాలపు పని చేస్తి. పొగాకు నానబెట్టిన నీళ్ళలో సాక్సులు ముంచి ఆరబెట్టి తొడుక్కుంటి. సాయంత్రానికి లెక్కబెడితే దానికి పదకొండు, నాకు రెండు. ఈ మాట దాని ముందర ఎత్తొద్దు, ఇప్పటికీ రోషం.

వాగు మూడు తావుల దాటల్ల. మొదటిది మోకాళ్ళలోతు. రెండోదాంట్లో తొడలదాకా వచ్చె. వాగు దాటేకి ఒక పద్ధతుంది. నీళ్ళొచ్చే దిక్కుకు మొగం పెట్టల్ల, కట్టె ముందుకు ఊతం పెట్టల్ల, పక్కకు ఒక కాలు జరిపి అది నిలిచినాకనే ఇంకోటి జరపల్ల. ఇది నాకు ఆ ధార్వాడ ఆయన నేర్పిందే. అంతా తెలుసు నాకు. తెలిసి కూడా నడుమిట్ల కాలు జారె. కట్టె కొట్టకపాయ. మీ అక్క ఒక చెయ్యి, ఆ పిల్లోడు ఇంకో చెయ్యి పట్టిరి. ముక్కులోకి నీళ్ళు పొయ్యి, మోచెయ్యి గీసుకపొయ్యి, ఒడ్డున కూలబడితి. అర్ధగంట లేవలేదు. ఆ పిల్లోడు "చాలు, వెనక్కి పోదాం" అనె. మీ అక్క మొగం చూస్తే అది కూడా అదే అనేట్లుండె.

మీరు అనుకుంటారు తాతకు రోషమొచ్చి లేసినాడని. రోషం కాదు నాయనా. వెనక్కి పోవల్లంటే అదే వాగు మల్ల దాటల్ల గదా! ముందుకు పోతే ఆ వాగు మల్ల దాటల్సింది సాయంత్రానికే, అంతలోపల కాలు కొంచెం సర్దుకుంటాది అనుకుంటి.

అట్ల కూర్చున్నప్పుడే ఈల వినపడె.

మనిషి ఈల. రాగం తెలీనోడు ఊరికే తిరుగుతా ఈలేసినట్ల, ఎక్కి, దిగి, నడుమిట్ల మర్సిపోయి మల్ల అందుకున్నట్ల. నాకు ఒళ్ళు జల్లుమనె. ఎందుకంటే, నేను కాజిల్‌రాక్‌కు పోయిన మొదటేడు తెల్లారుజామున ఇదే ఈల వినపడితే, అవతలి గస్తీవాడు నన్ను పిలుస్తాండాడనుకోని నా ఈల తీసి ఊదితి. మల్ల వచ్చె. మల్ల ఊదితి. పావుగంట ఇట్లనే. కాలి నడకన పోయి చూస్తే ఆయన ఇంకా రానే లేదు! వచ్చినాక చెప్తే కడుపు పట్టుకోని నవ్వె. అదొక పిట్ట. నల్లగా, రెక్కల మీద నీలి మెరుపుతో, వాగుల కాడ ఉంటాది. వానాకాలంలో తెల్లారుజామున మనిషి మాదిరి ఈలేస్తాది. అన్నేండ్ల తర్వాత అదే పిట్ట జాతి. నేను వేళ్ళు నోట్లో పెట్టి ఈలేస్తి. పండ్లు రెండు లేవు, గాలి పాయ. అయినా అది జవాబిచ్చె. ఆ పిల్లోడు మొదటిసారి నన్ను మనిషిని చూసినట్ల చూసె.

చివరి కిలోమీటరు దారంటూ లేదు, బండలే. ఏనుగు పిల్లలంత బండలు. కూర్చోని, చేతులు వేసి, జరుగుతా జరుగుతా. ఎక్కేది సులువు, మోకాలికి దిగేదే చావు. కట్టె పాయ గదా, ఆ పిల్లోడు వెదురు నరికియ్యబోతే అభయారణ్యంలో వద్దంటి. వాడే తన భుజం ఇచ్చె. చెట్ల సందులోనుంచి ముందు చలి తగిలె, తర్వాత చప్పుడు. ఆ చప్పుడు నాకు కొత్తగాదు. నా పక్కటెముకలు గుర్తుపట్టె.

అడుగున మడుగు. అందులో దిగల్లంటే లైఫ్‌జాకెట్టు వేసుకోవల్ల. నేను దిగలేదు, ఒడ్డున రాయి మీద కూర్చుంటి. దాని గురించి ఒక కథ చెప్తారు. రాజకుమార్తె స్నానం చేసి బంగారు చెంబులో చక్కెర వేసిన పాలు తాగుతాంటే ఎవురో రాజకుమారుడు చాటునుంచి చూసెనంట. ఆమె సిగ్గుకు పాలు ముందర పారబోసి తెరగా పెట్టుకున్నెనంట. కథ కట్టినోడు మన సీమోడైతే అన్ని పాలు పారబోయనిచ్చేవాడా!

తల ఎత్తి చూస్తి. అంత ఎత్తునుంచి నీళ్ళు దూకి, ఒక మెట్టు మీద పడి, చెదిరి, మల్ల కూడి దూకుతాంది. నడుమ సన్నంగా అడ్డగీత. అదే వంతెన. నా కండ్లకు పైట అంచు మాదిరి కనపడె. అంతలో దాని మీద గూడ్సు బండి వచ్చె. ఒక్కో వ్యాగనూ అగ్గిపెట్టె అంత. బండికి ముందరా ఇంజన్లు, వెనకా ఇంజన్లు, అన్నీ పని చేస్తాండాయి. ఒక్క చప్పుడు లేదు. నీళ్ళ హోరులో ఆ బండి బొమ్మ మాదిరి ఒక చివరనుంచి ఇంకో చివరికి పాయ.

నేను అడిగితి మీ అక్కను, "పైన వంతెన మీద మనిషి లాంతరు పట్టుకోని నిలబడితే ఈడికి కనపడతాదా" అని. అది చెవి దగ్గర పెట్టి "ఏంది తాతా?" అని అరిసె. వినపడలేదు దానికి. మల్ల అడగలేదు నేను. ఉగ్గాని అప్పటికే అయిపోయింది, చిక్కీలు తింటిమి.

వచ్చేటప్పుడు రెండో వాగు గురించి చెప్పను. దాటితిమి. ఎవురు ఎవుర్ని మోసిరో మీ అక్కనే అడుగు.

ఊరికొచ్చినాక ధార్వాడ ఆయన పాత చిరునామాకు ఒక కార్డు రాస్తి, కిందికి పోయొస్తి అని. వాళ్ళ కొడుకు జవాబు రాసె. ఆయన పోయి తొమ్మిదేండ్లాయనంట.

మీరు పోండి, వద్దనను. వానలు నిలిచినాక పోండి, గేటు కాడ టికెట్టు తీసుకోని అడవి దారిలో పోండి. ఒకటి మాత్రం చెప్తా విను. ఆ ఫోన్లో బొమ్మలు చూసి కుర్రోళ్ళు పట్టాల మీద నడిచిపోతాండారంట. 2023 వానాకాలంలో గుంపులు గుంపులు పోతే పోలీసులు పట్టుకోని గుంజిళ్ళు తీయించిరి. రైల్వే చట్టం 147వ సెక్షను కింద అది నేరం. చట్టం పక్కన పెట్టు. ఆ వంతెన కాడ రైలు నీ వెనక పదడుగుల్లోకొచ్చినా నీకు వినపడదు. ఐదు వానాకాలాలు నేను ఆడ ప్రతి నాలుగడుగులకు ఒకసారి వెనక్కి తిరిగి చూస్తా నడిచినాను.